ట్యాంక్‌గా ఆడటం ఎలా: మొదటి డంజన్ నుంచి మొదటి రెయిడ్ దాకా

ఆన్‌లైన్ రోల్ ప్లేయింగ్ గేముల్లో శత్రువుల దెబ్బలు తన మీద వేసుకుని పార్టీని కాపాడే పాత్రని ట్యాంక్ అంటారు. ఆ పేరు వినగానే పెద్ద డాలు, బరువైన కవచం, ఎంత కొట్టినా తరగని హెల్త్ బార్ గుర్తొస్తాయి. అందుకే ఎవరైనా ట్యాంక్ మొదలుపెడతానంటే చుట్టూ ఉన్నవాళ్లు ముందు ఇచ్చే సలహా "గేర్ చూసుకో" అనే. గేర్, అంటే ఆయుధాలూ కవచాలూ, కావాలి, కాదనను. కానీ దెబ్బలు తినడం ఈ పనిలో సగం కూడా కాదు. శత్రువు ఎవరి వెంట పడాలి, ఎక్కడ నిలబడాలి, మొహం ఎటు పెట్టాలి, ఈ మూడూ మీ చేతిలో ఉండాలి. ఉంటే మామూలు గేర్‌తో కూడా పార్టీ గట్టెక్కుతుంది. లేకపోతే ఎంత మెరిసే డాలు పట్టుకున్నా, మీ హెల్త్ నింపే హీలర్ మనసులో మిమ్మల్ని తిట్టుకుంటూనే ఉంటారు.

ఉదాహరణలు ఎక్కువగా వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్, ఫైనల్ ఫాంటసీ 14 నుంచి ఇస్తాను, ఎల్డర్ స్క్రోల్స్ ఆన్‌లైన్‌ని అక్కడక్కడా తాకుతాను. డంజన్ అంటే నలుగురైదుగురు కలిసి వెళ్లే పోరాటం, రెయిడ్ అంటే ఇంకా ఎక్కువమంది కలిసి చేసే పెద్ద పోరాటం. మీరు ఆడేది వేరే గేమ్ అయితే స్కిల్ పేర్లు మారతాయి, పని మాత్రం దాదాపు ఇదే.

1. క్లాస్ తేల్చుకోండి, కానీ ఇక్కడే నెల రోజులు కూర్చోకండి

వార్‌క్రాఫ్ట్‌లో ట్యాంక్ చేయగల క్లాసులు ఆరు: వారియర్, పాలడిన్, డ్రూయిడ్, డెత్ నైట్, మాంక్, డీమన్ హంటర్. ఫైనల్ ఫాంటసీ 14లో నాలుగు: పాలడిన్, వారియర్, డార్క్ నైట్, గన్‌బ్రేకర్. ఎల్డర్ స్క్రోల్స్ ఆన్‌లైన్‌లో అయితే ఏ క్లాసుతోనైనా ట్యాంక్ చేయొచ్చు. ఒక చేత కత్తి, ఇంకో చేత డాలు, బార్‌లో ఒక టాంట్ (శత్రువుని మీ మీదికి లాక్కునే) స్కిల్ పెట్టుకుని మొదలుపెట్టేయొచ్చు.

ఏది బలమైనదో తెలుసుకోవాలని టైర్ లిస్టులు తిరగేస్తూ కూర్చుంటే తెల్లారిపోతుంది. ప్యాచ్ మారితే ఆ లిస్టూ మారుతుంది. కొత్తవాళ్లు చూడాల్సింది ఇంకొకటి: మీరు పొరపాటు చేసినప్పుడు ఈ క్లాస్ ఎంతవరకు ఓర్చుకుంటుంది? ఫైనల్ ఫాంటసీలో వారియర్ తన హెల్త్‌ని తనే బాగా నింపుకుంటుంది కాబట్టి హీలర్ కాస్త ఏమరినా ప్రాణం పోదు. వార్‌క్రాఫ్ట్‌లో వారియర్, పాలడిన్ రెండూ మొదలుపెట్టడానికి మంచివే. చేతిలో డాలు ఉంటుంది, హెల్త్ బార్ ఒక్కసారిగా పైకీ కిందికీ గంతులేయదు.

డెత్ నైట్ అలా కాదు. డెత్ స్ట్రైక్ అనే దెబ్బ గత 5 సెకన్లలో మీరు తిన్న డ్యామేజ్‌ని బట్టి హెల్త్ తిరిగి ఇస్తుంది. కాబట్టి బార్ ఉయ్యాలలా ఊగుతూ ఉంటుంది, బటన్ ఎప్పుడు నొక్కాలో తెలియకపోతే ఒక ఊపులో పోతారు. మాంక్ ఇంకా విచిత్రం. పడిన దెబ్బలో కొంత భాగాన్ని అప్పు రాసుకుని కాసిన్ని కాసిన్నిగా తీరుస్తుంది. అప్పు మరీ పెరిగిపోతే ప్యూరిఫైయింగ్ బ్రూ తాగి కొంత కొట్టేయించుకోవాలి. ఆడటానికి సరదాగా ఉంటుంది గానీ మొదటి ట్యాంక్‌గా నేనైతే చెప్పను.

2. డంజన్‌లోకి వెళ్లకముందే స్క్రీన్ సర్దుకోండి

ఈ అరగంట పని చాలామంది చేయరు. తర్వాత నెలల తరబడి దాని ఫలితం అనుభవిస్తారు.

మొదట కెమెరాని వీలైనంత వెనక్కి లాగండి. మీ పాత్ర వీపు అందంగా కనిపించాల్సిన పని లేదు, మీ వెనక హీలర్ ఎక్కడున్నారో కనిపించాలి. తర్వాత శత్రువుల తలల మీద నేమ్‌ప్లేట్లు ఆన్ చేసి, అగ్రో, అంటే శత్రువు గురి, మీ చేతిలోంచి జారితే రంగు మారేలా పెట్టుకోండి. ఫైనల్ ఫాంటసీలో ఈ పని ఎనిమీ లిస్ట్ చేస్తుంది. పేరు పక్కన ఎర్రటి చతురస్రం ఉంటే ఆ శత్రువు మీ మీదే ఉన్నట్టు. వేరే రంగు గుర్తు కనిపిస్తే అది ఇంకెవరి వెంటో పడింది. నిజానికి అనుభవం ఉన్న ట్యాంకులు పోరాటంలో ఎక్కువసేపు చూసేది బాస్‌ని కాదు, ఈ చిన్న లిస్టునే.

టాంట్, ఇంటరప్ట్ (శత్రువు మంత్రాన్ని మధ్యలో ఆపేది), రెండు ముఖ్యమైన డిఫెన్స్ బటన్లు వేలు కదపకుండా అందే కీల మీద ఉండాలి. వాటిని మౌస్‌తో క్లిక్ చేసే అలవాటుంటే ఈ రోజే మానేయండి. మౌస్ ఉన్నది కెమెరా తిప్పడానికి. వెనక్కి నడిచే కీని కూడా తీసేస్తే మంచిది. వార్‌క్రాఫ్ట్‌లో వెనక్కి నడక బాగా నెమ్మది, పక్కకి జరిగే స్ట్రేఫ్ మామూలు వేగంతో సాగుతుంది.

చివరిగా ట్యాంక్ స్టాన్స్, అంటే శత్రువుల గురి మీ మీదే నిలిచేలా ఆన్ చేసుకునే స్కిల్. ఫైనల్ ఫాంటసీలో పాలడిన్‌కి ఐరన్ విల్, వారియర్‌కి డిఫయన్స్, డార్క్ నైట్‌కి గ్రిట్, గన్‌బ్రేకర్‌కి రాయల్ గార్డ్. అది ఆన్‌లో లేకపోతే మీరు బరువు కవచం వేసుకున్న డీపీఎస్ (డ్యామేజ్ చేయడమే పనిగా ఉన్న ఆటగాడు) మాత్రమే. నా సంగతి చెప్తాను: ఒకసారి స్టాన్స్ లేకుండానే రెండు గుంపుల్ని లాక్కొచ్చి, అన్నీ హీలర్ వెంట పడుతుంటే గేమ్‌లో బగ్ ఉందనుకుని ఒకటే చిరాకు పడ్డాను. పార్టీలో ఒకరు "స్టాన్స్" అని ఒక్క ముక్క టైప్ చేశారు. అప్పటి నుంచి డంజన్‌లో కాలు పెట్టగానే ముందు చూసేది ఆ ఐకాన్‌నే.

3. అగ్రో లెక్క ఎలా నడుస్తుందో తెలుసుకోండి

ప్రతి శత్రువు దగ్గరా ఒక ఖాతా పుస్తకం ఉందనుకోండి. ఎవరు ఎంత కొట్టారో అందులో రాసుకుంటుంది. ఎక్కువ పద్దు ఉన్నవాళ్ల మీదికి వెళ్తుంది. ట్యాంక్ స్టాన్స్ చేసేది మీ పద్దుని చాలా రెట్లు పెంచి రాయించడమే. మిగతావాళ్లు మీకంటే ఎక్కువ డ్యామేజ్ చేస్తున్నా శత్రువు మీ దగ్గరే ఉండటానికి కారణం ఇదే.

ఇక్కడ కొత్తవాళ్లకి తెలియనిది ఒకటుంది. హీలింగ్‌కి కూడా పద్దు పడుతుంది. వార్‌క్రాఫ్ట్‌లో హీలర్ నింపిన ప్రతి పాయింట్‌కి అర పాయింట్ థ్రెట్ (ఈ పద్దుకి గేమ్‌లో పేరు ఇదే) వస్తుంది, అది పోరాటంలో ఉన్న శత్రువులందరికీ పంచబడుతుంది. అంటే గుంపులో మీరు ఒక్కసారి కూడా తాకని శత్రువు ఉంటే, దాని పుస్తకంలో ఉండే ఒకే ఒక్క పేరు హీలర్‌ది. అది నేరుగా అటే పరిగెడుతుంది. "నేను ఇక్కడే ఉన్నా కదా, దానివైపు ఎందుకు పోతోంది" అని ఆశ్చర్యపోనక్కర్లేదు. మీరు దాన్ని కొట్టలేదు, అంతే.

ఇంకో అంకె గుర్తుపెట్టుకోండి. వార్‌క్రాఫ్ట్‌లో మీకంటే ఒక్క పాయింట్ ఎక్కువైనంత మాత్రాన అగ్రో వేరేవాళ్లకి పోదు. దగ్గర నుంచి కొట్టేవాళ్లు మీ థ్రెట్‌లో 110 శాతం దాటాలి, దూరం నుంచి కొట్టేవాళ్లు 130 శాతం దాటాలి. మీది 1,000 అయితే పక్కనున్న రోగ్ 1,100 దాటేదాకా, వెనకున్న మేజ్ 1,300 దాటేదాకా మీకు గడువు ఉన్నట్టే. ఇప్పటి వెర్షన్లో ట్యాంకుల థ్రెట్ దండిగా ఉంటుంది కాబట్టి ఈ గీత దాకా రావడం అరుదు. పాత గేమ్‌ని తిరిగి తెచ్చిన క్లాసిక్ వెర్షన్లో మాత్రం ఈ లెక్క మీదే బతుకుతారు.

ఇక టాంట్. ఇది కొట్టే బటన్ కాదు, లాక్కునే బటన్. వార్‌క్రాఫ్ట్‌లో టాంట్ నొక్కితే మీ పద్దు ఆ క్షణంలో అందరికంటే పైన ఉన్నవాళ్ల పద్దుతో సమానమవుతుంది, శత్రువు 3 సెకన్లు మీ మీదికి రాక తప్పదు. ఆ 3 సెకన్లలో మీరు గట్టిగా రెండు దెబ్బలు వేయకపోతే మళ్లీ పోతుంది. శత్రువు ఇప్పటికే మీ మీద ఉంటే టాంట్ వల్ల ఒరిగేది ఏమీ లేదు, పైగా కూల్‌డౌన్ (మళ్లీ నొక్కడానికి ఆగాల్సిన సమయం) 8 సెకన్లు వృథా. కొత్త ట్యాంకులు పుల్ (శత్రువుల గుంపుని పోరాటంలోకి లాగడం) మొదట్లోనే టాంట్ కొట్టేసి, నాలుగు సెకన్ల తర్వాత నిజంగా అవసరం పడినప్పుడు బూడిద రంగులో ఉన్న ఐకాన్ వైపు దిగులుగా చూస్తుంటారు.

ఎల్డర్ స్క్రోల్స్ ఆన్‌లైన్‌లో పద్ధతి వేరు. అక్కడ టాంట్ కొడితే 15 సెకన్లు ఆ శత్రువు మీది. ఆ గడువు తీరకముందే మళ్లీ కొట్టాలి. మీరు ఎంత డ్యామేజ్ చేశారన్నది అక్కడ పెద్ద విషయం కాదు, గడియారం చూసుకోవడమే విషయం.

4. మొదటి పుల్

ఒక పుల్‌ని దగ్గరగా చూద్దాం. మీరు వార్‌క్రాఫ్ట్ పాలడిన్ అనుకోండి. ఎదురుగా ఒక నడవా, అందులో ఐదుగురు శత్రువులు. ఇద్దరు కత్తులవాళ్లు ముందు, ఒక విలుకాడు పక్కన, మంత్రాలు వేసేవాళ్లు ఇద్దరు బాగా వెనక.

అడుగు వేయకముందు మూడు చూపులు. హీలర్ మానా (హీల్ చేయడానికి ఖర్చయ్యే శక్తి) ఎంత ఉంది? ఆ నడవాలో అటూ ఇటూ తిరిగే గస్తీ గుంపు ఏదైనా వస్తోందా? మీ వెనక పక్కకి జరగడానికి చోటుందా? గస్తీ వస్తుంటే ఆగండి. 10 సెకన్లు ఆగితే ఎవరూ చచ్చిపోరు, ఆగకపోతే చచ్చిపోతారు. ముందు ఎవరిని చంపాలో చెప్పడానికి హీల్ చేసే మంత్రగాడి తల మీద పుర్రె గుర్తు పెట్టండి, రెండోవాడికి ఇంటూ గుర్తు. పుర్రె అంటే మొదట, ఇంటూ అంటే తర్వాత. వార్‌క్రాఫ్ట్ ఆడేవాళ్లకి దీన్ని విడమరిచి చెప్పక్కర్లేదు.

ఇప్పుడు అవెంజర్స్ షీల్డ్ విసరండి, వెనకున్న మంత్రగాళ్లలో ఒకడి మీదికి. డాలు అతనికి తగిలి పక్కనున్న మరో ఇద్దరి మీదికి ఎగురుతుంది, మంత్రం చదువుతుంటే దాన్ని తెంచేస్తుంది కూడా. ముగ్గురి పుస్తకాల్లో మీ పేరు పడింది. కత్తులవాళ్లు ఎలాగూ మీ దగ్గరికి పరిగెత్తుకొస్తారు. సమస్య మంత్రగాళ్లదే. వాళ్లు దగ్గరికి రారు, నిలబడ్డ చోటినుంచే కొడతారు. గుంపు రెండుగా చీలిపోతే మీ పార్టీ స్కిల్స్ అందరికీ ఒకేసారి తగలవు.

అందుకే విసిరిన వెంటనే గోడ మూల వెనక్కి వెళ్లిపోండి. మీరు కనిపించకపోతే మంత్రం వేయలేరు కాబట్టి వెతుక్కుంటూ వాళ్లే వస్తారు. మొత్తం ఐదుగురూ మూల తిరిగి మీ కాళ్ల దగ్గరికి చేరేదాకా ఓపిక పట్టాలి. ఇది చేసిన ప్రతిసారీ నాకు చిన్నపిల్లల దాగుడుమూతలు గుర్తొస్తాయి. అందరూ రాగానే కింద కాన్సెక్రేషన్ పరచండి, దాంట్లో నిలబడ్డ ప్రతివాడి పుస్తకంలోనూ మీ పద్దు ఎక్కుతూ ఉంటుంది.

ఇప్పుడు మీ మొహం ఎటు? శత్రువులందరూ మీ ముందు ఉండాలి. డాలుతో అడ్డుకోవడం, ఆయుధంతో తప్పించడం ముందు నుంచి వచ్చే దెబ్బలకే పనిచేస్తాయి. వీపు మీద పడే దెబ్బకి మీ డాలు గోడకి వేలాడుతున్న అలంకారంతో సమానం. గుంపు మధ్యలో నిలబడితే ఇద్దరు ముగ్గురు వెనక చేరతారు. రెండడుగులు వెనక్కో పక్కకో జరిగి అందర్నీ ఎదురుగా తెచ్చుకోండి. అలా జరిగితే ఇంకో లాభం: వాళ్ల వీపులు మీ పార్టీవైపు ఉంటాయి.

తర్వాత ట్యాబ్ కీ. ఒకడినే పట్టుకుని కొట్టకండి. ఒక దెబ్బ ఇతనికి, ఒక దెబ్బ అతనికి, మళ్లీ పుర్రె ఉన్నవాడికి. ఈలోగా విలుకాడి నేమ్‌ప్లేట్ రంగు మారిందనుకోండి, మీ మేజ్ వాడిని తొందరపడి కొట్టారు. ఇదిగో, టాంట్ ఇందుకే దాచుకున్నాం. నొక్కండి, వెంటనే వాడికి రెండు దెబ్బలు. రెండో మంత్రగాడు ఏదో చదవడం మొదలుపెట్టాడా? రిబ్యూక్‌తో ఆపండి. ఇంటరప్ట్ చేయడం డీపీఎస్ పని అని ఊరుకునే ట్యాంకులున్నారు. ఆ మంత్రం తగిలేది ముందు మీకే.

ఇదంతా చదవడానికి ఐదు నిమిషాలు పట్టినా ఆడేటప్పుడు 10, 12 సెకన్లలో అయిపోతుంది. మొదట్లో చేతులు తడబడతాయి, టెన్షన్ వస్తుంది. వేరే మనుషుల ముందు పరువు పోతుందని భయమైతే కంప్యూటర్ నడిపే తోటివాళ్లతో సాధన చేయండి. ఫైనల్ ఫాంటసీలో దాన్ని డ్యూటీ సపోర్ట్ అంటారు. వార్‌క్రాఫ్ట్‌లో 2024 జనవరిలో వచ్చిన ఫాలోయర్ డంజన్లు ఉన్నాయి. వాళ్లు తిట్టరు, తొందరపెట్టరు.

5. డిఫెన్స్ బటన్లు దాచుకోవడానికి కాదు

ట్యాంకుల్లో ఎక్కువమంది చచ్చిపోయేది బటన్లు లేక కాదు, ఉన్నవి నొక్కక. పెద్ద ప్రమాదం వస్తుందని దాచి, హెల్త్ 15 శాతానికి వచ్చాక అన్నీ ఒకేసారి నొక్కుతారు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే.

ఆలోచించండి. ఐదుగురు శత్రువులున్న గుంపు మిమ్మల్ని ఎప్పుడు ఎక్కువ కొడుతుంది? ఐదుగురూ బతికున్నప్పుడు, అంటే మొదటి సెకన్లలో. ఇద్దరు పోయాక దెబ్బలు వాటంతటవే తగ్గుతాయి. కాబట్టి మొదటి డిఫెన్స్ బటన్ అందరూ చేరగానే, మీ హెల్త్ నిండుగా ఉండగానే పడాలి. చూసేవాళ్లకి అనవసరం అనిపిస్తుంది. హీలర్‌కి మాత్రం తెలుస్తుంది.

రెండో తప్పు, రెండు బటన్లు కలిపి నొక్కడం. 20 శాతం తగ్గించేది ఒకటి, 30 శాతం తగ్గించేది ఒకటి ఉన్నాయనుకోండి. కలిపితే 50 రాదు. 100 దెబ్బ మొదటిదాంతో 80 అవుతుంది, ఆ 80లో 30 శాతం పోతే 56. మొత్తం తగ్గింది 44. అంతకంటే ముఖ్యం, రెండూ ఒకేసారి అయిపోతాయి. ఫైనల్ ఫాంటసీలో ర్యాంపార్ట్ 20 శాతం చొప్పున 20 సెకన్లు ఉంటుంది, వారియర్ వెంజెన్స్ 30 శాతం చొప్పున 15 సెకన్లు. ఒకదాని వెనక ఒకటి వాడితే 35 సెకన్లు గడిచిపోతాయి. ఆలోపు గుంపులో సగం నేలకొరుగుతుంది. కలిపి నొక్కితే 20 సెకన్లకే చేతులు ఖాళీ.

ఫైనల్ ఫాంటసీలో చాలామంది మరిచిపోయే బటన్ ఆర్మ్స్ లెంగ్త్. వెనక్కి నెట్టే దెబ్బల్ని ఆపడానికే అది ఉందనుకుంటారు. నిజానికి అది ఆన్‌లో ఉండగా మిమ్మల్ని కొట్టినవాళ్ల వేగం 20 శాతం మందగిస్తుంది. పది మంది చుట్టుముట్టినప్పుడు అది మామూలు డిఫెన్స్ బటన్‌కి ఏమీ తీసిపోదు. అలాగే రిప్రైజల్ చుట్టూ ఉన్న శత్రువులు చేసే డ్యామేజ్‌ని 10 శాతం తగ్గిస్తుంది. ఇది మీ ఒక్కరికే కాదు, పార్టీ మొత్తానికి ఉపయోగం. బాస్ అందరికీ తగిలే దెబ్బ వేయబోతున్నప్పుడు నొక్కండి, హీలర్‌కి ఒక హీల్ మిగులుతుంది.

ఎల్డర్ స్క్రోల్స్ ఆన్‌లైన్ ఆడేవాళ్లకి ఇక్కడ తిరగబడ్డ సమస్య ఉంటుంది. బ్లాక్ బటన్‌ని అలా పట్టుకునే ఉంటారు. బ్లాక్ పట్టుకున్నంతసేపూ స్టామినా దానంతటది తిరిగి రాదు, ఆపిన ప్రతి దెబ్బకీ ఇంకొంత ఖర్చవుతుంది. చిన్న దెబ్బలు ఒంటి మీద పడనిచ్చి, పెద్ద దెబ్బకి మాత్రం బ్లాక్ పట్టడం నేర్చుకోవాలి.

ప్రాణం నిలిపే చివరి బటన్ ఒకటి చాలా క్లాసులకి ఉంటుంది. ఫైనల్ ఫాంటసీ పాలడిన్‌కి హాలోడ్ గ్రౌండ్: 10 సెకన్ల పాటు దాదాపు ఏ దెబ్బా పడదు. వాడేముందు హీలర్‌కి తెలిసేలా చాట్‌లో ఒక ముక్క పడేయండి. వాళ్లు ఆ 10 సెకన్లు మీ మీద మానా తగలేయకుండా వేరేవాళ్లని చూసుకుంటారు.

6. బాస్ దగ్గర: తిప్పండి, నిలపండి, వదిలేయండి

వార్‌క్రాఫ్ట్‌తో పాటు 2004లోనే వచ్చిన ఓనిక్సియా అనే డ్రాగన్ ఇప్పటికీ ఈ విషయంలో మంచి పాఠం. ముందు నిలబడితే నోటి మంట. వెనక నిలబడితే తోక దెబ్బ, అది జనాన్ని పిల్ల డ్రాగన్ల గుడ్ల గుహల్లోకి ఎగరగొడుతుంది, పిల్లలన్నీ లేచి వస్తాయి. ట్యాంక్ దాని తలని పార్టీ నుంచి పక్కకి తిప్పి పట్టుకుంటే, మిగతావాళ్లు పక్కటెముకల దగ్గర నిలబడి హాయిగా కొడతారు. ఆ తర్వాత ఎన్నో గేముల్లో ఎన్ని బాసులు వచ్చినా, ఏది ఎటు చూడాలి అన్న ప్రశ్నే మొదటిది.

అందుకని బాస్‌ని తాకగానే చేయాల్సింది: దాన్ని దాటుకుని అవతలికి పరిగెత్తండి. మీరు అటువైపు ఉంటే అది మీవైపు తిరుగుతుంది, వీపు పార్టీకి వస్తుంది. రెండు సెకన్ల పని. తిప్పాక కదలకండి. ఫైనల్ ఫాంటసీలో కొన్ని క్లాసులు బాస్ వెనక నుంచో పక్క నుంచో కొడితేనే పూర్తి డ్యామేజ్ వస్తుంది. మీరు ఊరికే గంతులేస్తూ ఉంటే బాస్ బొంగరంలా తిరుగుతుంది, వాళ్లు దాని చుట్టూ ప్రదక్షిణలు చేస్తారు.

నేను మొదట్లో ఇదే చేశాను. నేల మీద ఎర్ర వలయం కనిపించగానే భయపడి గది అవతలి గోడదాకా పరిగెత్తేవాడిని. బాస్ నా వెంట, పార్టీ బాస్ వెంట. ఊరేగింపు. వలయం నుంచి ఒక్క అడుగు బయట పడితే చాలని, అది పేలగానే పాత చోటికే వచ్చేయాలని తెలియడానికి చాలా రోజులు పట్టింది. బాస్‌కి కొట్టే దూరం కాస్త ఎక్కువే ఉంటుంది కాబట్టి చిన్న అడుగుకి అది కదలను కూడా కదలదు. నేల మీద శాశ్వతంగా మంట మిగిలిపోయే బాస్ అయితే మాత్రం గది అంచుల వెంబడి కొద్దికొద్దిగా జరుపుకుంటూ పోవాలి. మధ్యలో మంట పడిందంటే నిలబడే చోటు కరువవుతుంది.

వెనక్కి నెట్టే బాస్ ఎదురైతే మీ వీపు గోడకి ఆనించండి.

ట్యాంక్‌కి మాత్రమే తగిలే పెద్ద దెబ్బని ట్యాంక్‌బస్టర్ అంటారు. అది వచ్చేముందు చాలావరకు బాస్ క్యాస్ట్ బార్ కనిపిస్తుంది. మొదటిసారి పేరు చూసి గుర్తుపెట్టుకోండి, రెండోసారి బార్ సగం దాటాక ఒక డిఫెన్స్ బటన్ నొక్కండి. కొన్ని ట్యాంక్‌బస్టర్లు పక్కవాళ్లకీ తగులుతాయి. మీ చుట్టూ వలయం వస్తే పార్టీ నుంచి దూరంగా జరగండి, ఇంకెవరైనా మీ పక్కకి వచ్చి నిలబడితే వాళ్ల నుంచి మీరే తప్పుకోండి.

7. హీలర్‌తో మాట్లాడండి

ఎన్ని గుంపుల్ని కలిపి లాగాలన్నది మీ ఒక్కరి ధైర్యం మీద ఆధారపడదు. ఫైనల్ ఫాంటసీ డంజన్లలో సాధారణంగా రెండు గుంపుల తర్వాత ఒక తలుపో అడ్డో వస్తుంది కాబట్టి రెండూ కలిపి లాగడం మామూలైపోయింది. మొదటిసారి వెళ్తున్నప్పుడు ఆ పని చేయక్కర్లేదు. మొదటి గుంపు లాగి, హీలర్ మానా, మీ హెల్త్ రెండూ చూడండి. ఇద్దరూ ఖాళీగా ఉన్నట్టనిపిస్తే తర్వాతిసారి రెండు. డంజన్ మొదట్లోనే "కొత్త ట్యాంక్‌ని, చిన్నగా లాగుతా" అని రాస్తే ఎక్కువమంది సర్దుకుపోతారు. సర్దుకోనివాళ్లు వెళ్లిపోతారు, అదీ మంచిదే. వార్‌క్రాఫ్ట్‌లో ఐదుగురికి, ఫైనల్ ఫాంటసీలో నలుగురికి ఒక్క ట్యాంకే ఉంటారు కాబట్టి ట్యాంకుల కొరత ఎప్పుడూ ఉండేదే, మీకు వేరే పార్టీ త్వరగానే దొరుకుతుంది.

డీపీఎస్ ఎవరో ఓపిక లేక ముందుకెళ్లి శత్రువుల్ని లాక్కొస్తే ఏం చేయాలి? "నువ్వే తెచ్చావు, నువ్వే తిను" అని చేతులు కట్టుకుని నిలబడే ట్యాంకులు ఉన్నారు. కోపం న్యాయమే కావచ్చు, కానీ అతని తర్వాత చచ్చేది ఏ పాపం తెలియని హీలర్. ముందు టాంట్ కొట్టి తీసుకోండి, మాట తర్వాత చెప్పొచ్చు.

8. రెయిడ్: పక్కన ఇంకో ట్యాంక్

ఫైనల్ ఫాంటసీలో ఎనిమిది మంది పార్టీలో ఇద్దరు ట్యాంకులుంటారు. వార్‌క్రాఫ్ట్ రెయిడ్‌లోనూ మామూలుగా ఇద్దరే. మొదట తేల్చుకోవాల్సింది ఎవరు బాస్‌ని పట్టుకుంటారు, ఎవరు మధ్యలో వచ్చే చిన్న శత్రువుల్ని చూసుకుంటారు అన్నది. ఫైనల్ ఫాంటసీలో ఇద్దరూ స్టాన్స్ పెట్టుకుని పోటాపోటీగా కొడితే బాస్ అటూ ఇటూ తల తిప్పుతూ పార్టీ మీద మంట పోస్తుంది. కాబట్టి రెండో ట్యాంక్ మొదట్లో స్టాన్స్ ఆపుకోవాలి.

బాస్ కొట్టే కొద్దీ ట్యాంక్ మీద ఒక డీబఫ్ (బలహీనపరిచే ప్రభావం) పేరుకుంటూ ఉంటుంది. రెండు లేదా మూడు చేరగానే ఇంకొకరు బాస్‌ని తీసుకోవాలి, లేకపోతే తర్వాతి దెబ్బకి ప్రాణం ఉండదు. దీన్నే ట్యాంక్ స్వాప్ అంటారు. తీసుకోబోయేవాళ్లు ముందే బాస్ దగ్గర, దాదాపు అదే చోట నిలబడి ఉండాలి. దూరం నుంచి టాంట్ కొడితే బాస్ గిర్రున తిరిగి అందరి మొహం మీదికి వస్తుంది. ఫైనల్ ఫాంటసీలో ఒకరు ప్రొవోక్ (అక్కడి టాంట్) కొట్టగానే రెండోవారు వాళ్ల మీద షర్క్ వాడితే వీళ్ల పద్దులో 25 శాతం వాళ్లకి వెళ్తుంది, బాస్ మళ్లీ వెనక్కి రాదు. క్రమం ముఖ్యం: ముందు ప్రొవోక్, తర్వాత షర్క్. వార్‌క్రాఫ్ట్‌లో ఇచ్చేసినవాళ్లు కాసేపు చేయి తేలిక చేసుకుంటే సరిపోతుంది.

మూడో దెబ్బకి తీసుకుంటావా, నాలుగోదానికా అన్నది పోరాటం మొదలవకముందే చాట్‌లో రాసుకోండి. వాయిస్‌లో ఉంటే డీబఫ్ అంకెని పైకి లెక్కపెట్టండి: "ఒకటి... రెండు... తీసుకో."

వైప్ అవుతుంది, అంటే పార్టీ మొత్తం చచ్చిపోతుంది. మొదటి రెయిడ్‌లో చాలాసార్లు అవుతుంది. అప్పుడు నేల మీద పడి ఉండగానే డెత్ లాగ్ తెరిచి, పోయే ముందు 5 సెకన్లు చూడండి. చంపింది ట్యాంక్‌బస్టర్ అయితే ఆ సమయంలో మీ డిఫెన్స్ బటన్ ఏది ఆన్‌లో ఉందో చూడండి. ఏదీ లేకపోతే తప్పు మీది, చాట్‌లో ఒప్పేసుకోండి, ఏది ఎప్పుడు నొక్కుతారో రాసేయండి. ఉండి కూడా పోయారంటే హీలర్‌ని అడగండి, ఆ సెకన్లో ఆయనో ఆమో కదులుతూ ఉండవచ్చు, మీరు గోడ మూల వెనక ఉండి హీల్ అందకపోయి ఉండవచ్చు. అగ్రో జారి పోయారంటే ఎవరి దగ్గరికి, ఎన్నో సెకన్లో జారిందో చూసి, తర్వాతి పుల్‌లో ఆ సెకన్ కోసం టాంట్ అట్టే పెట్టుకోండి. తర్వాత లేచి, తిరిగి పరిగెత్తుకొచ్చి, స్టాన్స్ ఐకాన్ ఒకసారి చూసుకుని రెడీ చెక్ నొక్కండి.